తెర ఎవరి మాట వినాలి: ఒక విమానాశ్రయంలో సమాచార తెరల ఏర్పాటు

కోస్తా ఆంధ్రలోని ఒక మధ్యస్థాయి విమానాశ్రయంలో టెర్మినల్‌ను విస్తరించినప్పుడు, గోడలకున్న పాత టీవీలు తీసేసి విమానాల రాకపోకలను ఎప్పటికప్పుడు చూపే తెరలు అమర్చే పని మా బృందం చేపట్టింది. ఈ రంగంలోని వాళ్లు ఈ వ్యవస్థను ఫిడ్స్ అంటారు. మొత్తం నలభై చిల్లర తెరలు: చెక్‌-ఇన్ కౌంటర్ల పైన, భద్రతా తనిఖీ దాటాక వచ్చే హాలులో, గేట్ల దగ్గర, సామాను బెల్టుల మీద, బయటి వరండాలో. దాదాపు అన్నీ దేశీయ విమానాలే. విమానాశ్రయం పేరు, విమాన సంస్థల పేర్లు ఇక్కడ రాయడం లేదు. ఎదురైన చిక్కులు ఆ ఒక్క చోటివే కావు కాబట్టి పేర్లు లేకపోయినా చదివేవారికి లోటేమీ ఉండదు.

టెండరు పత్రంలో పేజీలకు పేజీలు తెరల గురించే. ఎన్ని అంగుళాలు, ఎంత వెలుతురు, ఎన్నేళ్ల వారంటీ, బిగించే ఇనుప చట్రం మందమెంత. ఆ తెర మీద కనిపించే సమాచారం ఎక్కడి నుంచి వస్తుంది అనే సంగతికి మాత్రం ఒకే వాక్యం దక్కింది: ఉన్న వ్యవస్థలతో అనుసంధానం చేయవలెను. పని మొదలయ్యాక లెక్క తిరగబడింది. తెరలు బిగించడం వారాల్లో తెమిలిపోయింది. ఏ గడిలోని అంకెను ఎవరు మార్చవచ్చో తేల్చడానికి నెలలు పట్టింది.

ఒక వరుస, ఎందరో యజమానులు

హైదరాబాద్ నుంచి మధ్యాహ్నం వచ్చే విమానం వరుసనే తీసుకుందాం. విమాన సంఖ్య, ఎక్కడి నుంచి, రావలసిన సమయం, అంచనా సమయం, బెల్టు, స్థితి. చూడటానికి ఆరు గడులే. రావలసిన సమయం విమాన సంస్థ ఇచ్చే సీజన్ షెడ్యూలు ఫైలులో ఉంటుంది. ప్రపంచమంతటా వేసవి షెడ్యూలు మార్చి చివరి ఆదివారం, శీతాకాలపు షెడ్యూలు అక్టోబరు చివరి ఆదివారం మొదలవుతాయి. ఆ ఫైళ్ల నమూనాను విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం అయాటా ఎప్పుడో స్థిరపరిచింది. అంచనా సమయం, విమానం హైదరాబాద్‌లో కదిలాక అక్కడి సిబ్బంది పంపే సందేశంతో వస్తుంది. చక్రాలు రన్‌వేను తాకిన క్షణం ఇక్కడి టవర్‌కు తెలుస్తుంది. విమానం ఏ స్టాండులో ఆగాలో, విమానాలు నిలిపే ఆవరణను చూసుకునే ఏప్రన్ కంట్రోల్ చెబుతుంది. బెల్టును టెర్మినల్ డ్యూటీ మేనేజర్ కేటాయిస్తారు.

మేం వెళ్లే నాటికి ఇవన్నీ ఒకే మనిషి చేతిలో కలిసేవి. కంట్రోల్ గదిలో కూర్చున్న ఆపరేటరు ఒక చెవికి ఫోను, ఎదురుగా వాకీటాకీ, బల్ల మీద వాట్సాప్ గ్రూపు పెట్టుకుని ఎక్సెల్ షీటులో అంకెలు కొట్టేవాడు. ఇద్దరు రెండు సమయాలు చెబితే ఆఖరున ఫోను చేసినవారి మాట చెల్లేది. అతను నిజంగా పనిమంతుడు. అతను భోజనానికి వెళ్లినప్పుడు మాత్రం తెరలు కూడా భోజనానికి వెళ్లేవి.

అందుకే సాఫ్ట్‌వేర్ జోలికి పోకముందే ఒక పట్టిక రాయించాం. ప్రతి గడికి ఒకే యజమాని, ఆ యజమాని నోరు మెదపకపోతే ఎవరి మాట చెల్లుతుంది, ఎంత సేపటి తర్వాత. ఆ కాగితం మీద విమానాశ్రయ అధికారులు, విమాన సంస్థల స్టేషన్ మేనేజర్లు అందరూ సంతకాలు పెట్టారు. ఏఓడీబీ అని పిలిచే కేంద్ర డేటాబేసును ఆ పట్టిక ప్రకారమే కట్టాం. విమాన సంస్థ కౌంటరు నుంచి గేటు నంబరు మార్చబోతే వ్యవస్థ ఒప్పుకోదు, అది ఏప్రన్ కంట్రోల్ సొత్తు. విమాన సంస్థ 3.32కి వస్తుందని అంచనా ఇచ్చినా, టవర్ 3.24కి దిగిందని చెబితే అంచనా అక్కడితో చెరిగిపోతుంది. ఈ పట్టిక సంతకాల దగ్గర జరిగిన వాదోపవాదాలే ఈ ప్రాజెక్టులో అసలు ఇంజినీరింగ్ అని నా అభిప్రాయం.

విమానం బయలుదేరాక వచ్చే సందేశం ఎలా ఉంటుందో తెలియనివారి కోసం: ‘ఏడీ0855/0906 ఈఏ1002’. అంటే 8.55కు స్టాండు వదిలింది, 9.06కు గాల్లోకి లేచింది, 10.02కు చేరుతుందని అంచనా. ఇవన్నీ యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక కాలం ప్రకారం ఇచ్చిన సమయాలు. ఐదున్నర గంటలు కలిపితే మధ్యాహ్నం 2.25, 2.36, 3.32. కలపడం ఎవరికైనా చేతనవును. చిక్కంతా తెల్లవారుజామున వస్తుంది. 14వ తేదీ ఉదయం 4.30కు బయలుదేరే విమానం యూటీసీలో 13వ తేదీ రాత్రి 11 గంటల విమానం. విమాన సంఖ్యను, యూటీసీ తేదీని మాత్రమే చూసి సందేశాన్ని వరుసకు జోడించే వ్యవస్థలో ఆ సందేశం నిన్నటి విమానానికి వెళ్లి అతుక్కుంటుంది. నిన్నటిది ఎప్పుడో వెళ్లిపోయింది. ఈ రోజుది మాత్రం గాల్లో ఉండి కూడా తెర మీద ఇంకా నేల మీదే ఉంటుంది.

కాబట్టి వరుసకు గుర్తు విమాన సంఖ్య ఒక్కటే కాకూడదు. సంస్థ, సంఖ్య, షెడ్యూలు ప్రకారం బయలుదేరాల్సిన తేదీ, బయలుదేరే ఊరు, చేరే ఊరు, అన్నీ కలిస్తేనే ఒక విమానం. రాత్రి 11.40కి వెళ్లాల్సింది ఆలస్యమై 12.50కి వెళ్లినా అది పాత తేదీ విమానమే. మేం పరీక్షించిన ఒక రెడీమేడ్ ఉత్పత్తిలో అర్ధరాత్రి 12 కాగానే పాత తేదీ వరుసలన్నీ తెర మీద నుంచి మాయమయ్యేవి. గేటు దగ్గర వంద మంది కూర్చుని ఉండగా వాళ్ల విమానం బోర్డు మీద కనిపించదు. ఇలాంటి ఉత్పత్తిని ఎంచుకునే ముందు ఎవరైనా అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: అర్ధరాత్రి దాటిన విమానాన్ని చూపించండి.

స్థితి గడి

ప్రయాణికుడు చదివేది ఈ గడినే. అందరూ తమ చేతిలో ఉంచుకోవాలని చూసేదీ దీన్నే.

సరఫరా చేసిన సాఫ్ట్‌వేర్‌లో బోర్డింగ్ మొదలైందన్న సూచన గడియారాన్ని బట్టి దానంతట అదే వచ్చేది. బయలుదేరే సమయానికి 45 నిమిషాల ముందు బోర్డింగ్, 25 నిమిషాల ముందు గేటు మూసివేత. కాగితం మీద చక్కగా ఉంది. విమానం ఇంకా రాకపోయినా తెర మాత్రం రమ్మంటుంది. జనం గేటు ముందు బారులు తీరతారు, అద్దంలోంచి చూస్తే స్టాండు ఖాళీ. పట్టుమని వారం గడిస్తే చాలు, తరచూ తిరిగేవాళ్లు ఆ తెరను నమ్మడం మానేస్తారు. ఆ తర్వాత నిజంగా పిలిచినా లేవరు.

దీన్ని పూర్తిగా తీసేశాం. బోర్డింగ్, చివరి పిలుపు, గేటు మూసివేత, మూడూ గేటు దగ్గర ఉన్న ఉద్యోగి మీట నొక్కితేనే వస్తాయి. గడియారానికి ఒకే అధికారం మిగిల్చాం: ఎవరూ మీట నొక్కకపోతే డ్యూటీ మేనేజరు కంప్యూటర్ మీద ఎర్రగా గుర్తు చేయడం. మొదట్లో గేటు సిబ్బంది గొణిగారు. బోర్డింగ్ పాసులు స్కాన్ చేయడం, సామాను కొలవడం, చంటిపిల్లలున్నవారిని ముందుకు పంపడం, వీటి మధ్య ఇంకో మీటా? సబబైన ఫిర్యాదే. అందుకని స్కానరు మొదటి పాసును చదవగానే బోర్డింగ్ స్థితి దానికదే వెలిగేలా కలిపాం. నొక్కాల్సిన మీటలు రెండుకు తగ్గాయి.

ఆలస్యం సంగతి ఇంకా సున్నితం. సమయపాలన లెక్కల్లో 15 నిమిషాలలోపు తేడాను ఈ పరిశ్రమ ఆలస్యంగా చూడదు. ఆ పైన మొదలవుతుంది బేరం. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం రెండున్నర గంటలలోపు ప్రయాణం ఉండే విమానం రెండు గంటలు లేదా అంతకు మించి ఆలస్యమయ్యేట్టుంటే ఎదురుచూసేవారికి తిండి, తాగడానికి ఏర్పాటు చేయాలి. దేశీయ విమానం ఆరు గంటలు దాటితే మరో విమానమో, డబ్బు వాపసో ఇవ్వాలి. కనుక తెర మీద రాసే సమయం విమాన సంస్థకు ఖర్చుతో ముడిపడి ఉంది. ఒకేసారి గంటన్నర అని చెప్పే బదులు పావుగంట, మరో పావుగంట అంటూ సాగదీసే అలవాటు అక్కడి నుంచి వచ్చిందే. కౌంటరులో కూర్చున్న పిల్లల తప్పు ఇందులో లేదు, వాళ్లకు పైనుంచి తెలిసేది కూడా అంతే.

మేం పెట్టించిన నియమాలు రెండు. కొత్త సమయం రాయకుండా ఆలస్యం అనే స్థితిని వ్యవస్థ తీసుకోదు. సమయం నిజంగానే తెలియకపోతే, మళ్లీ ఎన్ని గంటలకు చెబుతారో ఆ సమయమైనా రాయాలి. రెండోది: ఇక్కడికి రావలసిన విమానం ఎక్కడ ఉందో మనకు తెలుసు కాబట్టి, అది 5.10కి గాని దిగదని టవర్, సందేశాలు చెబుతుంటే, అదే విమానం 5.15కి తిరుగు ప్రయాణమని ఎవరైనా కొడితే వ్యవస్థ ఆపి అడుగుతుంది. దించి, శుభ్రం చేసి, ఇంధనం నింపి, ఎక్కించడానికి పట్టే కనీస సమయాన్ని ఒక్కో రకం విమానానికి విడిగా నమోదు చేశాం. ఈ నియమం మీద ఒక స్టేషన్ మేనేజరు చాలా రోజులు నాతో మాట్లాడలేదు. ప్రతి మార్పునూ ఎవరు, ఎప్పుడు చేశారో నమోదయ్యే చిట్టా వచ్చాక మాటలు మళ్లీ మొదలయ్యాయి. గొడవ వచ్చినప్పుడు ఆ చిట్టా ఆయన సిబ్బందినీ కాపాడింది.

మూడు భాషలు, ఒకే వరుస

తెలుగు, హిందీ, ఇంగ్లిష్ మూడూ ఉండాలన్నది షరతు. మామూలుగా అందరూ చేసేది పేజీ మొత్తాన్ని ఎనిమిదేసి సెకన్లకు ఒక భాషలోకి తిప్పడం. లెక్క వేసి చూడండి. మూడు భాషలు, రెండు పేజీలు, ఎనిమిదేసి సెకన్లు అంటే 48 సెకన్ల చక్రం. తెలుగు మాత్రమే చదవగలిగే మనిషి తన వరుసను ఒకసారి తప్పిపోతే మళ్లీ దాన్ని చూడటానికి 40 సెకన్లు నిలబడాలి. చేతిలో ట్రాలీ, వెనక తోసుకొచ్చే జనం. అంతసేపు ఎవరు నిలబడతారు? పక్కవాళ్లను అడుగుతారు.

పేజీని తిప్పడం మానేశాం. విమాన సంఖ్య, సమయం, గేటు ఏ భాషలోనైనా అంకెలే కాబట్టి అవి కదలవు. ఊరి పేరు, స్థితి, ఈ రెండు గడులు మాత్రమే భాష మారుస్తాయి. రాబోయే మూడు గంటల విమానాలే చూపిస్తే అన్నీ ఒకే పేజీలో పడతాయి, రెండో పేజీ అవసరమే లేదు. సాయంత్రం ఏడు గంటల విమానం మధ్యాహ్నం ఒంటిగంటకు తెర మీద లేదని ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

తెలుగు అక్షరాల దగ్గర వేరే కథ. తెర వెనక ఉండి దానికి బొమ్మను పంపే చిన్న కంప్యూటరు, అంటే ప్లేయరులోని బ్రౌజరు పాతది. యూనికోడ్ అక్షరాలను చూపగలదు గాని కూర్చలేదు. ‘చెన్నై’లో న-వత్తు కిందికి దిగకుండా పొల్లుతో పక్కన నిలబడింది, ఐత్వం రెండు ముక్కలైంది. తయారీదారు పంపిన నిపుణుడికి తెలుగు రాదు కాబట్టి అతని కంటికి అంతా బాగానే ఉంది. పరికరాల సంస్థలకు ఈ లిపి ఎంత దూరమో చెప్పడానికి 2018 ఫిబ్రవరి సంగతి ఒకటి చాలు: ‘జ్ఞా’ అక్షరం ఒక ప్రత్యేక కూర్పులో వస్తే ఐఫోన్లలో ఆప్‌లు కుప్పకూలాయి. మా ప్లేయరుకు కొత్త బ్రౌజరు ఇంజిను వేయించాక అక్షరాలు కుదురుకున్నాయి.

అప్పుడు వరుస ఎత్తు బయటపడింది. ఇంగ్లిష్ పెద్దక్షరాలకు సరిపోయేలా గీసిన వరుసలో ‘విశాఖపట్నం’ న-వత్తు అడుగున తెగిపోయేది. వత్తులకు కింద, గుడి దీర్ఘాలకు పైన చోటు ఇవ్వాలి. చోటు ఇస్తే వరుసలు తగ్గుతాయి. ఇక్కడ పొదుపు చేయబోయి అక్షరాన్ని చిన్నది చేస్తే దూరం నుంచి కనబడదు. చదివే దూరంలో 200వ వంతు అక్షరం ఎత్తు ఉండాలన్నది మేం పాటించే మోటు లెక్క. 55 అంగుళాల తెర అడ్డంగా పెడితే ఎత్తు 68 సెంటీమీటర్లు. శీర్షిక, పది వరుసలు పెడితే ఒక్కో వరుస ఆరు సెంటీమీటర్లు, అక్షరం సుమారు మూడు. ఆరు మీటర్ల దూరం దాకా సరే. ఆ హాలు లోతు అంతకు రెట్టింపు. ఏడు వరుసలకు కుదించి, రెండు తెరలు పక్కపక్కన పెట్టాం. ఊళ్ల పేర్ల గడి వెడల్పును మాత్రం ‘రాజమహేంద్రవరం’, ‘తిరువనంతపురం’ నిర్ణయించాయి. పేర్లను యంత్రంతో లిప్యంతరీకరణ చేయించలేదు. ఒక్కో విమానాశ్రయానికి ఉండే మూడక్షరాల కోడుకు ఎదురుగా తెలుగు పేరును చేత్తో టైపు చేసి, చదివి, ఖాయం చేశాం.

తెరలో మార్పు వచ్చిందని జనానికి తెలియాలి కూడా. ఇటలీలోని ఊదినే పట్టణానికి చెందిన సొలారీ సంస్థ 1950లలో తెచ్చిన, రేకులు తిరిగే పాత బోర్డులు మార్పు జరిగినప్పుడల్లా పటపటమని చప్పుడు చేసేవి, అందరూ తలెత్తి చూసేవారు. ఇప్పటి తెరలు మౌనంగా మారిపోతాయి. ముంబయి, చెన్నై వంటి చోట్ల మైకు ప్రకటనలు కూడా బాగా తగ్గించారు. గేటు మారితే ఆ వరుసను కొంతసేపు పసుపు రంగులో వెలిగించే ఏర్పాటు చేశాం. రద్దయిన విమానానికి ఎరుపు రంగుతో పాటు సమయం మీద అడ్డగీత కూడా గీయించాం. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని కళ్లు చాలా ఉన్నాయి.

గోడ మీద పని

తెరల గురించి చెప్పాల్సింది తక్కువే. ఇంట్లో పెట్టుకునే టీవీని 24 గంటలూ నడపకూడదు, శీర్షిక పట్టీ మచ్చలా అచ్చుపడిపోతుంది. పడమటి అద్దాల గోడ వైపు పెట్టే వాటికి 700 నిట్ల వెలుతురు కావాలి, లోపలి హాలుకు అందులో సగమైనా చాలు.

ఒక్క చిక్కు మాత్రం వివరంగా చెప్పదగ్గది. కరెంటు పోయి జనరేటరు అందుకునే ఆ కొద్ది సెకన్లలో ప్లేయర్లు యూపీఎస్ మీద బతికే ఉంటాయి, తెరలు ఆరిపోతాయి. తెర ఎదురుగా లేదని తెలుసుకున్న ప్లేయరు తక్కువ రిజల్యూషన్‌కు జారిపోతుంది. తెర తిరిగి వెలిగాక కూడా అక్కడే ఉండిపోతుంది, వరుసలు కుడివైపు తెగి కనిపిస్తాయి. ఎవరో ఒకరు నిచ్చెన వేసుకుని వెళ్లి తీగ పీకి పెట్టాలి. ప్లేయరుకు, తెరకు మధ్య ఎదురుగా తెర ఉన్నట్టే ఎప్పుడూ బదులిచ్చే చిన్న ఎడిడ్ పరికరాన్ని ఇరికిస్తే ఈ జబ్బు పోతుంది. తెర ఖరీదుతో పోలిస్తే దాని ధర లెక్కలోకే రాదు. టెండరులో దాని ఊసే లేదు.

సమాచారం ఆగిపోతే

2018 ఆగస్టు 20న లండన్ గాట్విక్‌లో ఫైబర్ తీగ దెబ్బతిని తెరలన్నీ నిలిచిపోయాయి. సిబ్బంది తెల్లబోర్డుల మీద మార్కర్లతో విమానాల వివరాలు రాశారు. సరిగ్గా మరుసటి నెలలోనే బ్రిస్టల్ విమానాశ్రయంలో సైబర్ దాడి వల్ల రెండు రోజులు తెరలు ఆపేసి అదే పని చేశారు. 2016 జులైలో వియత్నాంలోని హనోయి, హోచిమిన్ సిటీ విమానాశ్రయాల తెరల మీద, మైకుల్లో చొరబాటుదారులు రాజకీయ నినాదాలు వినిపించారు. 2024 జులై 19న సైబర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన అప్‌డేట్ వల్ల కంప్యూటర్లు కూలినప్పుడు హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ప్రయాణికుడికి చేత్తో రాసిన బోర్డింగ్ పాసు ఇచ్చారు. ఆ ఫొటో దేశమంతా తిరిగింది.

వీటిని దృష్టిలో పెట్టుకుని తెరల నెట్‌వర్క్‌ను మిగతావాటి నుంచి విడదీశాం. ప్లేయర్ల యూఎస్‌బీ రంధ్రాలు మూసేశాం. అప్‌డేట్లు ముందుగా సిబ్బంది గదిలోని తెరకే వెళ్తాయి, అక్కడ కొన్నాళ్లు నడిచాకే బయటికి. బ్రాండు ప్రచారాల కోసం అదే తెర మీద వీడియోలు వేస్తామన్న వాణిజ్య విభాగం కోరికను ఒప్పుకోలేదు. వాటికి వేరే తెరలు ఇచ్చాం.

ఆరిపోయిన తెర కంటే పాత సమాచారంతో వెలిగే తెర ప్రమాదకరం. ఆరిపోతే జనం అడుగుతారు, వెలుగుతుంటే నమ్ముతారు. అందుకని సర్వర్ నుంచి కబురు రెండు నిమిషాలు రాకపోతే మూలన గుర్తు వస్తుంది, పది నిమిషాలు దాటితే అంచనా సమయం, గేటు, స్థితి గడులు ఖాళీ అయిపోయి షెడ్యూలు సమయాలు మాత్రమే మిగులుతాయి, సిబ్బందిని సంప్రదించమని ఒక పట్టీ వస్తుంది. ఖాళీ గడులు చూస్తే పరువు పోతుందని అధికారులు మొదట వద్దన్నారు. విమానం వెళ్లిపోయాక కూడా తెర ‘సమయానికే’ అని చూపిస్తే పోయే పరువు గురించి మాట్లాడుకున్నాక ఒప్పుకున్నారు. డ్యూటీ మేనేజరు గదిలో తెల్లబోర్డులు, మార్కర్లు తాళం వేయకుండా ఉంచారు. సీజన్‌కు ఒకసారి ఆ బోర్డులతోనే ఒక గంట నడిపే అభ్యాసం చేస్తారు.

బయట నిలబడినవారు

మన దేశంలో మామూలుగా టికెట్ లేనివారిని భద్రతా సిబ్బంది టెర్మినల్ లోపలికి రానివ్వరు. స్వాగతం చెప్పడానికి వచ్చిన బంధువులు, క్యాబ్ డ్రైవర్లు, ఆటోవాళ్లు అంతా బయటి వరండాలోనే ఉంటారు. మొదటి ప్లానులో వాళ్లకు కేటాయించింది ఒకే తెర, అదీ తలుపు పక్కన, ఎండ పడేచోట. గల్ఫ్ నుంచి హైదరాబాద్ మీదుగా వచ్చే కొడుకు కోసం కోనసీమ నుంచి వచ్చిన పెద్దావిడ ట్రాలీలు తోసే కుర్రాణ్ణి అడుగుతోంది: ‘‘నాయనా, హైదరాబాద్ విమానం దిగిందా?’’ కుర్రాడికీ తెలియదు. లోపల ఉన్నవాళ్లకు ఫోను, కౌంటరు, గేటు సిబ్బంది ఉన్నారు. బయటివాళ్లకు తెర తప్ప దిక్కులేదు.

లోపల అంతగా అవసరం లేని రెండు తెరలను బయటికి మార్పించాం. నీడ ఉన్నచోట, కాస్త కింది ఎత్తులో. ఈ తెరలో స్థితి గడి లోపలి దానికన్నా వివరంగా ఉంటుంది: హైదరాబాద్‌లో బయలుదేరింది, దిగింది, సామాను వస్తోంది. మొదటి పెట్టె బెల్టు మీద పడగానే లోడరు మీట నొక్కుతాడు, వరండాలో వరుస మారుతుంది. క్యాబ్ డ్రైవర్లు ఇప్పుడు ఆ గడిని చూసే బండి స్టార్ట్ చేస్తున్నారు.

ఇంకా తేలని వ్యవహారం ఒకటుంది: దారి మళ్లిన విమానం. శీతాకాలపు పొద్దున పొగమంచు పడితే ఇక్కడ దిగాల్సింది హైదరాబాద్‌కో చెన్నైకో వెళ్లిపోతుంది, రెండు మూడు గంటలకు అదే సంఖ్యతో తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. మళ్లిందని చెప్పే అధికారం టవర్‌ది. తిరిగి వస్తుందో లేదో చెప్పగలిగేది విమాన సంస్థ. ఈ రెండు మాటల మధ్య గంటసేపు తెర మీద ఏమి ఉండాలన్నది పట్టికలో ఇప్పటికీ ఖాళీ గడే. ప్రస్తుతానికి ఎక్కడికి మళ్లిందో ఆ ఊరి పేరు చూపిస్తున్నాం. తర్వాతి సమాచారం ఎప్పుడో రాయమని విమాన సంస్థకు ప్రతి పది నిమిషాలకు కంప్యూటర్ గుర్తు చేస్తుంది. అక్టోబరు చివరి ఆదివారం కొత్త షెడ్యూలు ఎక్కించేలోపు ఈ నియమం మీద సంతకాలు కావాలని సమావేశం పెట్టించాం. అన్ని సంస్థలూ వస్తామన్నాయి, ఒక్కటి తప్ప.